మొక్క పక్కన కూర్చుని రాయి, పేరు తర్వాత చూసుకోవచ్చు

అమ్మడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు, వర్ణన రెండూ చూశాను. మధురవాడ దాటాక ఖాళీ ప్లాట్లలో గుంపులు గుంపులుగా పెరిగే ఆ ఎర్రాకుల పొద జట్రోఫా గాసిపిఫోలియానే, నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు. కర్రపెండలానికి చుట్టమే, రెండూ ఆముదం కుటుంబంలోవే. కానీ వర్ణన మాత్రం గదిలో కూర్చుని రాసినట్టుంది. "పొద, ఆకులు హస్తాకారం, పూలు ఎరుపు, కాయకి మూడు గదులు" అంటే ఎవరికి ఏం తెలుస్తుంది చెప్పు? ఆ వాక్యం చదివి ఎప్పుడూ చూడనివాళ్లు రోడ్డు పక్కన ఆ మొక్కని గుర్తుపట్టగలగాలి, అప్పుడే అది వర్ణన.

రేపు పొద్దున్నే మళ్లీ వెళ్లు. ఒక బ్లేడు, పది రెట్లు చూపించే లెన్సు, స్కేలు, పెన్సిలు, నోట్‌బుక్ చాలు. ఫోన్ బ్యాగులోనే ఉండనీ, ఫొటో తీసేస్తే చూసేశాం అనిపిస్తుంది, చూడటం ఆగిపోతుంది. ముందు రాయాల్సినవి ఎండితే పోయేవి: పొద ఎత్తు, కొమ్మ రంగు, లేతాకు రంగు, ముదిరాక రంగు, వాసన, జిగురు, పాలు. ఆకు కాడ విరిచి చూడు. కర్రపెండలం అయితే తెల్లటి పాలు కారతాయి, దీనికి నీళ్లలాంటి రసం వస్తుంది. ఈ ఒక్క సంగతి హెర్బేరియం షీటు (ఎండబెట్టిన మొక్కని అంటించి దాచే కాగితం) మీద ఎంత వెతికినా దొరకదు.

తర్వాత ఆకు. ఒక్క ఆకు కొలిచి ఊరుకోకు, కింద ముదిరినవీ పైన లేతవీ కలిపి కొన్ని కొలిచి, ఇంత నుంచి ఇంత వరకు అని రాయి. తమ్మెలు, అంటే ఆకు చీలిన భాగాలు, మూడున్న ఆకులెన్ని, అయిదున్నవెన్ని చూడు. ఇప్పుడు లెన్సు పెట్టి ఆకు అంచు చూడు, అక్కడే ఉంది ఈ మొక్క అందమంతా. అంచు పొడుగునా సన్నటి వెంట్రుకలు, ఒక్కోదాని కొసన గుండుసూది తలలాగా ఒక చిన్న గ్రంథి, ముట్టుకుంటే వేలికి జిగురు అంటుతుంది. కాడ మీదా అవే. కాడ మొదట్లో చిన్న రెక్కల్లా ఉండే పత్రపుచ్ఛాలు అయితే చీలికలు చీలికలుగా విడిపోయి, ప్రతి చీలిక కొసనా మళ్లీ గ్రంథే. నీ వర్ణనలో పత్రపుచ్ఛాల ఊసే లేదు. చాలామంది వాటిని వదిలేస్తారు, నువ్వు వదలొద్దు.

పువ్వు దగ్గర తొందరపడకు. ఒకే గుత్తిలో ఆడపూలూ మగపూలూ రెండూ ఉంటాయి, మగవి చాలా ఎక్కువ, ఆడవి కొద్ది, అవి గుత్తిలో ఎక్కడ కూర్చున్నాయో ఒక చిన్న బొమ్మ గీసుకో. పువ్వు సెంటీమీటరు కూడా ఉండదు కాబట్టి బ్లేడుతో నిలువుగా కోసి లెన్సు కిందే చూడాలి. ఎర్రటి ఆకర్షణ పత్రాలు, అంటే పూరేకులు, అయిదు, మగపువ్వులో పుప్పొడినిచ్చే కేసరాలు ఎనిమిది. కర్రపెండలం పువ్వుకి ఆకర్షణ పత్రాలే ఉండవు, రేకుల్లా కనిపించే ఒక్క వరస పరిపత్రమే, కేసరాలు పది. పాలు, పూరేకులు, కేసరాలు, ఈ మూడూ రాశావంటే రెండింటినీ ఎవరూ కలిపెయ్యలేరు. మొక్కలకి రెండు మాటల శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ అంతటివాడు 1753లో కర్రపెండలాన్ని కూడా జట్రోఫా ప్రజాతిలోనే పెట్టాడు, 1766లో క్రాంజ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని మానిహాట్ ప్రజాతి కిందికి తెచ్చి ఇప్పుడు మనం వాడే పేరు పెట్టాడు. ఆకు చూస్తే ఎవరికైనా ఒకటే అనిపిస్తుంది మరి!

కాయలు పచ్చివే కోసుకురాకు. ముదిరిన గుత్తికి ఒక పల్చటి గుడ్డ సంచి కట్టి వదిలెయ్, ఎండాక కాయ టప్పున పేలి గింజలు విసిరేస్తుంది, అన్నీ సంచిలోనే పడతాయి. గింజ కొసన మెత్తటి బుడిపె ఉంటుంది చూడు, చీమలు దానికోసమే గింజని మోసుకుపోతాయి. గింజలు విషం, నోటి దగ్గరికి పోనివ్వకు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కునేదాకా కళ్లు నులుముకోకు.

అక్కడ మేకలు కాసేవాళ్లు కనిపిస్తే పేరు అడుగు, వాళ్లు ఎలా పలికారో అలాగే రాసి ఊరి పేరు పక్కన పెట్టు. నేపాళం అన్నారంటే ఏ మొక్కో తేలదు, ఆ పేరుతో వేరే మొక్కలు కూడా ఉన్నాయి, అయినా రాయి.

ఇంత వివరం ఎందుకూ అంటావేమో. కర్రపెండలానికి ఇంకా దగ్గర చుట్టం ఒకటి టెక్సస్ దక్షిణాన, దాని పక్కన మెక్సికోలో మాత్రమే పెరుగుతుంది, మానిహాట్ వాకరే అని, 1942లో వర్ణించారు. 1991లో అమెరికా దాన్ని అంతరించిపోయే ప్రమాదం ఉన్న జాబితాలో చేర్చింది. ముళ్లపొదల మధ్య అలాంటి మొక్క కోసం తిరిగేవాళ్లకి ఎవరో ఒకరు జాగ్రత్తగా రాసిన నాలుగు వాక్యాలే ఆధారం. మన దగ్గర ఇది కలుపు మొక్కే కావచ్చు, అమెరికా ఖండం నుంచి వచ్చిందే కావచ్చు, కానీ చెయ్యి అలవాటు పడాల్సింది ఇలాంటి వాటి మీదే.

నమూనా కోసం కంబాలకొండ లోపలికి మాత్రం పోకు, అది అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క ఆకు కూడా కొయ్యకూడదు. రోడ్డు పక్కన కావలసినంత ఉంది. మన విశాఖ గాలిలో తేమ సంగతి తెలుసుగా, వానల్లో అయితే మొక్కని నొక్కి ఆరబెట్టే ప్రెస్‌లో న్యూస్‌పేపర్లు రోజుకి రెండుసార్లు మార్చు, లేదంటే బూజు పడుతుంది. ఒక ఆకు తిరగేసి పెట్టు, అడుగు భాగం కూడా కనిపించాలి. చోటు, తేదీ, నీ సేకరణ నంబరు అక్కడికక్కడే రాసెయ్, ఇంటికొచ్చాక రాద్దాం అనుకోకు.

ఫ్లోరా పుస్తకం, అంటే ఒక ప్రాంతపు మొక్కలన్నిటి వర్ణనలుండే పుస్తకం, అన్నీ అయ్యాక చివర్లో తెరువు. నువ్వు రాసిందీ అందులో ఉన్నదీ ఎక్కడైనా తేడా వస్తే నీది కొట్టెయ్యకుండా మళ్లీ మొక్క దగ్గరికి వెళ్లి చూడు, అప్పటికీ తేడా ఉంటే రెండూ నాకు పంపు.

మీ మావయ్య