టొలెడోలో నేను చూసింది మసీదా, చర్చా?

ప్రశ్న: అక్కా, నేను మాడ్రిడ్‌లో ఎంఎస్ చేస్తున్నా. మొన్న శనివారం క్లాస్‌మేట్స్‌తో టొలెడో అనే పాత ఊరికి వెళ్లొచ్చాను, పొద్దున ట్రైనెక్కి సాయంత్రానికి వచ్చేశాం, మధ్యలో పదకొండు చోట్లు చకచకా తిరిగేశాం, ఫోన్‌లో నాలుగొందల ఫొటోలున్నాయి గానీ ఏది ఎక్కడిదో అడిగితే చెప్పలేను. ఒక్కటి మాత్రం బుర్రలోంచి పోవట్లేదు. తెల్లటి హాలు, గుర్రపు నాడా ఆకారంలో ఆర్చులు వరసగా, చూడగానే మసీదు అనుకున్నా. బోర్డు మీదేమో సాంతా మరియా అని మేరీమాత పేరు, పక్కనున్న ఫ్రెండేమో ఇది యూదుల ప్రార్థనా మందిరం అంటాడు. ఇంతకీ అదేంటి? వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లని తీసుకెళ్తే ఎలా తిప్పాలి? నాన్నకి మోకాళ్ల నొప్పులు.
- ఓ విద్యార్థిని, మాడ్రిడ్

జవాబు: నువ్వూ, బోర్డూ, మీ ఫ్రెండూ ముగ్గురూ కరెక్టే అమ్మా. అదే ఆ ఊరి తమాషా.

నువ్వు చూసింది సాంతా మరియా లా బ్లాంకా. 12వ శతాబ్దం చివర్లో యూదులు కట్టించుకున్న సినగాగ్ అది. అప్పటికి ఊరు క్రైస్తవ రాజుల చేతిలో ఉంది, కాస్టీల్ అనే అప్పటి స్పెయిన్ రాజ్యపు రాజు ఆరో అల్ఫోన్సో 1085లోనే ముస్లిముల నుంచి తీసుకున్నాడు, కానీ రాజు మారాడని మేస్త్రీల చెయ్యి మారదు కదా, వాళ్లకి మూడొందల డెబ్బై ఏళ్లుగా అలవాటైన ఆర్చులే కట్టారు. అంటే క్రైస్తవ రాజ్యంలో, యూదుల కోసం, ముస్లిం పద్ధతిలో. తర్వాత 15వ శతాబ్దం మొదట్లో దాన్ని లాక్కుని చర్చి చేశారు, మేరీమాత పేరు అప్పుడొచ్చిందే. ఈసారి వెళ్తే స్తంభాల తలల దగ్గర చూడు, సున్నపు గారతో చెక్కిన పైన్ చెట్టు కాయలు ఉంటాయి, ఒక్కసారి కంటపడ్డాయంటే ఇంక ఆర్చులు చూడవు నువ్వు.

అసలైన మసీదు వేరే ఉంది, పేరు క్రిస్తో దె లా లూస్, 999లో కట్టారని దాని గోడ మీదే ఇటుకలతో అరబిక్‌లో రాసి ఉంది. చిన్నది, మీ క్లాస్‌రూమ్ అంత కూడా ఉంటుందో లేదో, కానీ పైకి చూస్తే తొమ్మిది గుమ్మటాలు, ఏ రెండూ ఒకేలా ఉండవు. దానికీ తర్వాత వెనక ఓ ముక్క అతికించి చర్చి చేశారు. ఈ ఊళ్లో ఎవరూ ఏదీ పడగొట్టలేదు అని మురిసిపోకు మళ్లీ, 1492లో యూదులందర్నీ దేశం నుంచే వెళ్లగొట్టారు, మిగిలినవి గోడలే.

ఇక అమ్మానాన్నల సంగతి. పదకొండు చోట్లు అన్న మాటే మర్చిపో. ఊరు కొండ మీద ఉంది, తాహో నది మూడు వైపులా చుట్టి ఉంటుంది, వీధులన్నీ రాళ్లు పరిచిన ఎత్తుపల్లాలు, మోకాళ్ల నొప్పులున్న మనిషిని అక్కడ పొద్దస్తమానం నడిపిస్తే నీకు చరిత్ర మిగుల్తుంది, ఆయనకి నొప్పి మిగుల్తుంది. మాడ్రిడ్ అతోచా స్టేషన్ నుంచి ట్రైన్ అరగంట పైన ఇంకాస్త, వీకెండ్ అయితే రెండు వైపులా టికెట్ ముందే కొనెయ్. దిగగానే స్టేషన్‌లోనే ఓ ఐదు నిమిషాలు ఆగండి, 1919 నాటి బిల్డింగ్, దాన్ని చూసి కూడా మసీదే అనుకుంటావు, అంత పాత స్టైల్లో కట్టారు. అక్కణ్ణించి టాక్సీలో ఏకంగా పాత యూదుల పేటలో దిగండి. నడిచే వెళ్దాం అని నాన్న పట్టుబడితే రెకారెడో అనే రోడ్డు వైపు నుంచి కొండపైకి ఎస్కలేటర్లు ఉన్నాయి, టికెట్ లేదు. యూదుల పేటలో సాంతా మరియా, ఎల్ త్రాన్సితో సినగాగ్, సాంతో తొమే చర్చి పక్కపక్కనే. ఎల్ త్రాన్సితో ఇప్పుడు మ్యూజియం, సోమవారం మూసేస్తారు, శనివారం మధ్యాహ్నం నుంచి, ఆదివారం కూడా, ఫ్రీ. కట్టించింది రాజు పేద్రో గారి ఖజానాదారు సామ్యుయేల్ హలేవి, గోడలనిండా హీబ్రూ అక్షరాలు, వాటి మధ్య కాస్టీల్ రాజముద్రలు. అంత చేసినా చివరికి ఆ రాజే ఆయన్ని జైల్లో పెట్టించాడు, బయటికి రాలేదు పాపం. మీ అమ్మగారికి ఈ కథ నచ్చుతుంది.

సాంతో తొమేలో మాత్రం తొందరపడొద్దు. లోపల ఒకే ఒక్క బొమ్మ కోసం వెళ్తారు జనం, ఎల్ గ్రెకో అనే పెయింటర్ వేసిన ఓర్గాస్ కౌంట్ (అంటే ఓర్గాస్ ఊరి ప్రభువు) అంత్యక్రియలు. దాని వెనక ఉన్నది భక్తి కంటే బాకీ. ఆ కౌంట్ 1323లో పోతూ పోతూ, ఓర్గాస్ ఊరివాళ్లు ఏటా ఈ చర్చికి రెండు పొట్టేళ్లు, 16 కోళ్లు, రెండు తోలు తిత్తుల వైన్, రెండు మోపుల కట్టెలు, 800 మరవెదీలు (అప్పటి నాణేలు) ఇవ్వాలని వీలునామా రాశాడు. కొన్నాళ్లకి ఊరివాళ్లు ఎగ్గొట్టారు, చర్చి ఫాదర్ కోర్టుకెక్కి 1569లో గెలిచాడు, ఇంక ఎవరూ మర్చిపోకుండా 1586లో ఈ బొమ్మ వేయించాడు. మళ్లీ దాని రేటు దగ్గర పేచీ! మొదట 1200 డకట్లు (బంగారు నాణేలు) అని లెక్క కట్టారు, ఎక్కువన్నారు చర్చివాళ్లు, మళ్లీ లెక్క కట్టిస్తే 1600 అయింది, చివరికి ఎలాగో 1200కే తెగింది.

బొమ్మలో నల్లకోట్లు, మెడకి తెల్ల కుచ్చులు వేసుకుని నిలబడ్డవాళ్లంతా 1323 మనుషులు కాదు, ఎల్ గ్రెకో కాలపు టొలెడో పెద్దమనుషులు, రెండొందల అరవై ఏళ్ల కిందటి చావుకి తన కాలం వాళ్లని పిలిచేశాడు. ఎడమ పక్క కింద ఓ పిల్లాడు శవం వైపు వేలు చూపిస్తూ ఉంటాడు, వాడు పెయింటర్ కొడుకు. వాడి జేబులోంచి తెల్ల రుమాలు తొంగిచూస్తుంది, దాని మీద సంతకం, 1578 అని సంవత్సరమూ ఉంటాయి, అది పిల్లాడు పుట్టిన సంవత్సరం. చిన్న అక్షరాలు, నాన్నగారి కళ్లజోడు మర్చిపోకండి.