మొదటి రైఫిల్ ఎంతకొచ్చిందని కాదు, నెలకెంత తింటుందో చూడు

తమ్ముడూ, గ్రీన్ కార్డు వచ్చింది, వారాంతాల్లో టార్గెట్ షూటింగ్ నేర్చుకోవాలనుంది, సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా కాల్చి, తర్వాతిది తానే ఎక్కించుకునే) రైఫిల్ కావాలి, మొత్తం ఖర్చు 500 డాలర్లు దాటకూడదు అని అడిగావు. ఆఫీసులో వాళ్ళు ఏఆర్-15 తీసుకోమంటున్నారనీ రాశావు. వద్దు. పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా వాడే రూగర్ 10/22 తీసుకో. కింద చెప్పే తప్పులన్నీ నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవే. ఆ కథలు పక్కనపెట్టి లెక్క చెప్తాను.

కొత్తవాళ్ళందరూ తుపాకీ ధర దగ్గరే ఆగిపోతారు. మామూలు ఏఆర్-15 ఒకటి 500 నుంచి 700 డాలర్లకు దొరుకుతుంది. 10/22 కార్బైన్ 300కు అటూ ఇటూ. తేడా అంతేగా అనిపిస్తుంది. కానీ అసలు ఖర్చు తూటాలది. ఏఆర్-15 వాడే 5.56 తూటా ఒక్కోటి సుమారు 45 సెంట్లు పడుతుంది, పాయింట్ 22 ఎనిమిది సెంట్లు. నెలకు రెండుసార్లు షూటింగ్ రేంజికి వెళ్ళి, వెళ్ళినప్పుడల్లా 150 రౌండ్లు, అంటే తూటాలు, కాల్చావనుకో. నెలకు 300 రౌండ్లు. మొదటిదానితో 135 డాలర్లు, రెండోదానితో 24. ఏడాదికి తేడా 1,300 పైమాటే. ఆ డబ్బుతో ఒక మనిషి హైదరాబాద్ వెళ్ళి రావచ్చు. తూటా ఖరీదైతే మనవాళ్ళు చేసేదేమిటి? ముప్పై కాల్చి డబ్బు గుర్తొచ్చి ఆపేస్తారు. ముప్పై రౌండ్లతో గురి కుదరదు. పైగా పెద్ద తూటా శబ్దానికి, తన్నుకి భుజం ముందే బిగుసుకుపోతుంది. ఆ ఉలికిపాటు ఒకసారి అలవాటైతే వదిలించుకోవడానికి మళ్ళీ వందల తూటాలు కావాలి.

10/22 1964 నుంచి వస్తోంది. పది తూటాలు పట్టే చిన్న రోటరీ మ్యాగజైన్ (తూటాల డబ్బా), 18.5 అంగుళాల బ్యారెల్, సుమారు ఐదు పౌండ్ల బరువు. విడిభాగాలు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. దీనికన్నా చవకగా కావాలంటే సావేజ్ 64 ఉంది, కానీ దానికి మ్యాగజైన్లు, భాగాలు ఇన్ని రకాలు దొరకవు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. నీ రాష్ట్రం నిబంధనలు నువ్వే చూసుకో: న్యూజెర్సీలో ముందు కొనుగోలుదారు ఐడీ కార్డు, ఇల్లినాయిలో ఎఫ్ఓఐడీ (తుపాకీ యజమాని గుర్తింపు) కార్డు, కాలిఫోర్నియాలో పది రోజుల నిరీక్షణ. షాపులో తుపాకీ కొనేవాళ్ళకుండే ఫెడరల్ ఫారం 4473 నింపుతావు. ఇల్లు మారి డ్రైవింగ్ లైసెన్సులో పాత అడ్రసు ఉంచుకున్నవాళ్ళు అక్కడే ఆగిపోతారు, ముందే మార్పించుకో. అదే ఫారంలో అసలు కొనేది నువ్వేనా అని అడుగుతుంది. హెచ్1బీ మీదున్న స్నేహితుడి కోసం నీ పేరు మీద కొనడం ఫెడరల్ నేరం. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీదున్నవాళ్ళు వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు.

ఇప్పుడు నీ 500 లెక్క. రైఫిల్ 300, పన్నుతో 325. చెవుల మఫ్స్ 25, కళ్ళద్దాలు 10, కేసు 25, తూటాలు 500 నలభైకి, రేంజి ఫీజు 20. 445 అయింది. ఆన్‌లైన్లో ముప్పై తక్కువ కనిపించిందని ఆర్డరు పెట్టకు. అది లైసెన్సున్న డీలరు దగ్గరికే వస్తుంది, అతను ట్రాన్స్‌ఫర్ ఫీజు 20 నుంచి 50 తీసుకుంటాడు, షిప్పింగు వేరే. స్కోపు ఇప్పుడే వద్దు, తుపాకీతో వచ్చే సైట్లతోనే 50 గజాలు నేర్చుకో. తర్వాత కొన్నా పాయింట్ 22 కోసం చేసిన రిమ్‌ఫైర్ స్కోపే కొను. పెద్ద రైఫిళ్ళ స్కోపులు సాధారణంగా 100 గజాలకు సర్ది ఉంటాయి. 50 దగ్గర కన్ను కాస్త జరిగినా గురి జరుగుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో ఇంకా తక్కువకు రావచ్చు. చూడాల్సిన చోటు బ్యారెల్ మూతి. ఈ రైఫిల్ రిసీవరుకు (బ్యారెల్ వెనక బోల్టు ఉండే పెట్టెకు) వెనక రంధ్రం లేదు, అందుకని మూతి వైపు నుంచే శుభ్రం చేస్తారు. ఇనుప రాడ్డు రాకి రాకి మూతి అంచు అరిగిపోతే ఇక గురి నిలవదు. స్క్రూల తలలు చెడి ఉన్నా, బ్యారెల్‌ను చెక్కకు పట్టి ఉంచే బ్యాండు కింద తుప్పున్నా వదిలెయ్. నువ్వు కొన్నాక రాడ్డు వాడకు, మూతిలోంచి లాగే తాడు బ్రష్షు వాడు.

కొన్న మొదటి వారంలో అందరూ తుపాకీ పాడైందనుకుంటారు. చాలాసార్లు తప్పు తూటాది. సబ్‌సోనిక్ అని రాసినవి నెమ్మదివి, చాలాసార్లు బోల్టును (కాల్చాక వెనక్కి జరిగి ఖాళీ తొడుగును బయటికి తోసే భాగాన్ని) పూర్తిగా వెనక్కి నెట్టలేవు, ఖాళీ తొడుగు బయటికి పోకుండా నిలువునా ఇరుక్కుంటుంది. 40 గ్రెయిన్ల హై వెలాసిటీవి తీసుకో. ఒకేసారి 500 కొనేముందు మూడు రకాల చిన్న డబ్బాలు కాల్చి చూడు, నీ తుపాకీకి ఏది పడుతుందో తెలుస్తుంది. పాయింట్ 22లో నిప్పు మందు అంచు లోపల ఉంటుంది, అన్ని వైపులా సమంగా పరుచుకోకపోతే తూటా ఒక్కోసారి పేలదు. ట్రిగ్గరు నొక్కినా పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగు, ఆ తర్వాతే బోల్టు లాగు. ఆలస్యంగా పేలేవి ఉంటాయి.

ఇంట్లో తాళం పెట్టె, తూటాలు వేరే చోట. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు తాళంచెవి నీ దగ్గరే ఉండాలి, సరదాకైనా రైఫిల్ వాళ్ళ చేతికివ్వకు. అన్నిటికన్నా ముఖ్యం బ్యాగు. రేంజికి తీసుకెళ్ళే బ్యాగు మళ్ళీ దేనికీ వాడొద్దు. అడుగున కుట్టులో ఇరుక్కున్న ఒక్క తూటా శంషాబాద్ స్కానర్లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది, తెలియక వచ్చిందని చెప్పినా ప్రయాణం అక్కడే ఆగుతుంది. పది డాలర్లకు ఎర్ర సంచి ఒకటి కొను, సూట్‌కేసుల గదిలోకి దాన్ని రానివ్వకు.