‘ఇది ఒక్కటే’ అని అమ్మి, ఇంకోటి అమ్మాడు. కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. 2022 ఆగస్టులో హైదరాబాద్‌లో ఒక ఆర్టిస్టు దగ్గర పెయింటింగు, దాని ఎన్‌ఎఫ్‌టీ (బొమ్మకు ఆన్‌లైన్‌లో ఇచ్చే డిజిటల్ టోకెన్) కలిపి 2.4 లక్షలకు కొన్నాను. లక్ష యూపీఐలో, మిగతాది క్యాష్. రసీదు తీసుకోలేదు. ‘ప్రపంచంలో ఇది ఒక్కటే అన్నా’ అన్నాడు. రేటు పెరిగాక అమ్ముదామనుకున్నా. 2024 జనవరిలో చూస్తే అదే బొమ్మ ప్రింట్లు, ఇంకో ఎన్‌ఎఫ్‌టీ అమ్మకానికి పెట్టాడు. సొంత తమ్ముడిలా చూసుకున్నాను, నిద్ర పట్టడం లేదు. బొమ్మ నాదే కాబట్టి కాపీరైట్ కేసు వేయొచ్చా? పాత స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాసుకుందాం, సంతకం సంగతి నేను చూసుకుంటానని ఒక ఫ్రెండ్ అంటున్నాడు.

జవాబు: తమ్ముడి సంగతి పక్కన పెట్టండి. కోర్టు అడిగేది, ఇంకోటి చేయనన్న మాటకు రుజువేది, ఆ మాట ఏ తేదీన తప్పాడు అని.

కాపీరైట్ కేసు మీకు లేదు. కాన్వాస్ మీది, కాపీరైట్ ఆయనది. 1957 చట్టం ప్రకారం మొదటి హక్కుదారు బొమ్మ గీసినవాడే, ఆ హక్కు మీకు రావాలంటే ఆయన సంతకంతో రాతలో ఇవ్వాలి. టోకెన్ మీ డిజిటల్ వాలెట్‌లో ఉన్నా ఇదే లెక్క.

మీకున్నది ఒప్పందం తప్పిన కేసు. నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది గానీ నిరూపించాలి కదా, రెండు లక్షల నలభై వేలు ఇచ్చి రసీదు కూడా తీసుకోకపోతే ఎలా అండీ! అదృష్టం బాగుండి, మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో టోకెన్ వివరణలో ఆయనే ‘1/1’ అని రాసుకున్నాడు. అంటే ఇది తప్ప ఇంకో ఎడిషన్ లేదని, ఆ మార్కెట్లో అందరికీ తెలుసు. రెండో ఎన్‌ఎఫ్‌టీ మీద మీ కేసు అందుకే గట్టిది. ప్రింట్ల విషయంలో మాత్రం ‘అది టోకెన్ గురించి రాసింది’ అని తప్పించుకోగలడు, అక్కడ పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

ఇక గడువు. మీరు చూసింది 2024 జనవరిలో కదా అని అప్పటి నుంచి లెక్కపెడితే తప్పు. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 55 కింద మూడేళ్లు ఒప్పందం తప్పిన రోజు నుంచే నడుస్తాయి. రెండో టోకెన్ 2023 నవంబరులో మింట్ (తయారు) అయి, అదే నెలలో అమ్ముడుపోయినట్టు మీరు పంపిన లింకులోనే ఉంది. అంటే దావా వేయడానికి 2026 నవంబరు దాకానే టైముంది. మోసం దాచిపెట్టాడు, తెలిసిన రోజు నుంచి లెక్కేయండి అని వాదించవచ్చు గానీ, అందరికీ కనిపించే బ్లాక్‌చెయిన్‌లో (టోకెన్ల లావాదేవీలు నమోదయ్యే ఆన్‌లైన్ రిజిస్టర్‌లో) ఉన్నదాన్ని దాచాడని జడ్జిని ఒప్పించడం కష్టం. ఫోన్లో బతిమాలుకున్నా, పెద్దమనుషుల్ని పంపినా ఈ గడువు ఆగదు. వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లే, పైగా ‘రేటు పెరిగాక అమ్ముదామనుకున్నా’ అని మీరే రాశారు, అవతలి లాయరు వ్యాపారం కోసం కొన్నాడంటాడు.

ఆ ఫ్రెండ్ మాట వినకండి. స్టాంపు పేపరుకు నంబరుంటుంది, ఎవరికి ఎప్పుడు అమ్మారో వెండర్ రిజిస్టర్‌లో ఉంటుంది. సంతకం ఫోరెన్సిక్‌కు పంపితే తేలిపోతుంది. కోర్టులో దొంగ సాక్ష్యం సృష్టిస్తే ఏడేళ్ల దాకా జైలు, ఫోర్జరీ కేసు వేరే. నిజమైన ‘1/1’ కూడా దాంతోపాటే అనుమానంలో పడుతుంది.

ముందు రెండు టోకెన్ల నంబర్లు, కాంట్రాక్ట్ అడ్రసులు, లావాదేవీ హాష్‌లు (బ్లాక్‌చెయిన్‌లో వాటిని గుర్తించే కోడ్‌లు) రాసిపెట్టుకోండి. ఆ పేజీలు, ఇన్‌స్టా పోస్టులు తేదీ కనిపించేలా సేవ్ చేసి, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద డిజిటల్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌తో ప్రింట్లు తీయించండి. పోస్టు రేపే డిలీట్ చేయొచ్చు, బ్లాక్‌చెయిన్‌లో ఎంట్రీ మాత్రం చెరపలేడు. యూపీఐ లక్షకు, క్యాష్ డ్రా చేసిన రోజుకు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. వాట్సాప్ చాట్లున్న ఫోన్‌ను రీసెట్ చేయకండి, ఎక్స్‌ఛేంజ్‌కు అసలే ఇవ్వకండి. తర్వాత లాయరు ద్వారా రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి నష్టపరిహారం అడగండి, కొత్త ఎడిషన్లు ఆపమనండి. గడువు లోపల ఆయన ‘అవును, చెల్లిస్తాను’ అని సంతకం పెట్టి రాసిస్తే ఆ రోజు నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. 15 రోజుల్లో జవాబు రాకపోతే సివిల్ కోర్టులో దావా వేయండి. కేసు తేలేదాకా పెయింటింగు, టోకెన్ రెండూ మీ దగ్గరే ఉంచుకోండి.