హెల్మెట్ పెట్టుకుంటేనే నడిచే బండి: దీనికి పేటెంట్ వస్తుందా?

ప్రశ్న: లాయర్ గారూ, నేను సూర్యాపేటలో టూవీలర్ మెకానిక్‌ని. హెల్మెట్ పెట్టుకుని బకిల్ వేస్తేనే బండి స్టార్ట్ అయ్యే పరికరం తయారుచేశాను. కొందరు బకిల్ వేసేసి హెల్మెట్‌ను అద్దానికి తగిలిస్తారు కదా, అందుకని హెల్మెట్‌లో ఒకటి, హ్యాండిల్‌కు ఒకటి వైబ్రేషన్ సెన్సర్లు పెట్టాను. రెండూ ఒకేలా వణికితే హెల్మెట్ తల మీద లేనట్టే. బండి కదలకముందే ఇంజిన్ ఆగిపోతుంది. ‘ఇది ఎవరికైనా తట్టేదే, పేటెంట్ రాదు’ అంటున్నాడు ఇంజినీరింగ్ చదివిన మా బావమరిది. నిజమేనా? యూట్యూబ్‌లో వీడియో పెడదామనుకుంటున్నాను.

జవాబు: ముందు ఆ వీడియో ఆలోచన ఆపేయండి. దరఖాస్తు వేయకముందే మీరు బయటపెడితే, రేపు ‘ఇది పాతదే’ అనడానికి మీ వీడియోనే ఆధారం అవుతుంది.

మీ బావమరిది మాటలో సగం నిజముంది. బకిల్ వేస్తేనే స్టార్ట్ అవడం అనే ఐడియా పాతదే. దాన్నే కోరితే దరఖాస్తు నిలవదు. తెలిసిన వస్తువులను పక్కపక్కన చేర్చి, దేని పని అది చేసుకుంటుంటే మన పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎఫ్) ప్రకారం అది ఆవిష్కరణే కాదు. లేత్ మీద పాత్రలను పట్టి ఉంచే పరికరం కేసులో మన సుప్రీంకోర్టు 1978లో ఇదే దారిలో వెళ్లి, వర్క్‌షాప్‌లో మామూలుగా చేసుకునే మార్పుకు పేటెంట్ నిలవదంది. అమెరికాలో కేఎస్ఆర్ కేసు (2007) కూడా బండి భాగం గురించే. ముందుకూ వెనక్కూ జరుపుకునే యాక్సిలరేటర్ పెడల్‌కు ఎలక్ట్రానిక్ సెన్సర్ బిగించారు. రెండూ అప్పటికే ఉన్నవే, కంపెనీలు ఎలాగూ ఎలక్ట్రానిక్ వైపు వెళ్తున్నాయి. ఆ రంగంలో ఉన్నవాడు చేసే పనే ఇది అని అక్కడి సుప్రీంకోర్టు పేటెంట్ కొట్టేసింది.

అయితే సింపుల్‌గా ఉన్నంత మాత్రాన ‘ఇట్టే తట్టేది’ అయిపోదు. కార్లలో నడుము బెల్టు, భుజం మీది బెల్టు రెండూ ఉన్న రోజుల్లోనే వోల్వో ఇంజినీర్ నిల్స్ బోలిన్ వాటిని కలిపి, సీటు పక్కన కింద ఒకేచోట తగిలేలా చేశాడు. ఈరోజు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కానీ 1962లో దానికి అమెరికా పేటెంట్ వచ్చింది. చట్టం చూసేది దరఖాస్తు వేసే నాటికి ఆ పని తెలిసిన మనిషికి ఏం తట్టేదన్నది. జవాబు చూశాక లెక్క తేలికే అనిపిస్తుంది. మీ బావమరిది చేస్తున్నది అదే.

నా ఉద్దేశంలో మీ బలమంతా వైబ్రేషన్ పోల్చడంలో ఉంది. మనిషి ఒళ్లు బండి వణుకును కొంత మింగేస్తుంది, అద్దం మింగదు. ఆ తేడాతో మోసం పట్టుకోవాలని ఎవరూ ముందే రాసి ఉండకపోతే మీకు గట్టి అవకాశం ఉంది. మన పేటెంట్ ఆఫీసు వారి ఇన్‌పాస్ వెబ్‌సైట్‌లోనూ, గూగుల్ పేటెంట్స్‌లోనూ ఉచితంగా వెతకవచ్చు. బకిల్ స్విచ్, లోపలి ప్రెషర్ ప్యాడ్ లాంటివి కనబడితే కంగారుపడకండి. హెల్మెట్ వణుకును బండి వణుకుతో పోల్చినది కనబడితే మాత్రం కష్టమే.

ప్రస్తుతానికి ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు ఫీజు 1,600 రూపాయలు. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువుంటుంది. సెన్సర్లు ఎక్కడ బిగించారో, రెండు వణుకుల మధ్య తేడా ఎంతకంటే తగ్గితే ఇంజిన్ ఆపుతుందో అన్నీ రాయండి. ఉత్త సాఫ్ట్‌వేర్ లెక్కలా రాస్తే, అలాంటివాటికి పేటెంట్ ఇవ్వకూడదనే సెక్షన్ 3(కె) అడ్డొస్తుంది. తల మీద ఒకసారి, అద్దానికి తగిలించి ఒకసారి తీసిన రీడింగులను తేదీ వేసి దాచుకోండి. పరీక్షకుడు ‘ఇందులో కొత్తేముంది’ అని అడిగితే ముందు పెట్టాల్సింది వాటినే.