సమాధానం: డీఎన్ఏ ఒకటే అయితే కన్ను, గిట్ట వేరెందుకు?

తమ్ముడూ, ఒంగోలు గిత్త కంట్లో, గిట్టలో డీఎన్ఏ ఒకటే అయితే తేడా ఎలా వస్తుంది, దానికీ క్యాన్సర్‌కీ సంబంధమేంటి అనేగా సెమినార్ ముందు నీ టెన్షన్! జన్యువులన్నీ అన్ని చోట్లా ఉంటాయి, అన్నీ పనిచేయవు. పిండం పెరిగేటప్పుడు కొన్ని ప్రోటీన్లు డీఎన్ఏకి అతుక్కుని ఏవి పనిచేయాలో తేలుస్తాయి. కన్ను ఏర్పడాలంటే పాక్స్6 అనే జన్యువు పనిచేయాలి. గిట్టలో, దాన్ని గట్టిగా ఉంచే కెరాటిన్ అనే ప్రోటీన్ జన్యువులదే జోరు.

జపాన్ శాస్త్రవేత్త యమనకా ప్రయోగం మాత్రం వదలకు. 2006లో చిట్టెలుక తోక కణాల్లోకి నాలుగే జన్యువులు పంపిస్తే, ఆ కణాలు మూలకణాల్లా, అంటే ఏ రకం కణంగానైనా మారగలిగేలా అయిపోయాయి. నాకైతే ఇప్పటికీ వింతే! ఆ నాలుగింట్లో సీ-మిక్ ఒకటి. కణం పెరుగుదలకు అది అవసరమే, కానీ చాలా క్యాన్సర్లలో అదే ఆగకుండా పనిచేస్తూ కనిపిస్తుంది. నీ రెండో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది: ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలన్న అదుపు తప్పితే క్యాన్సర్ రావచ్చు.

వచ్చే వారం కావలి వస్తున్నా, చార్టు కావాలంటే చెప్పు.