హార్డ్‌డిస్క్ ఒక్కోసారి మాత్రమే కనిపిస్తోందా?

ప్రశ్న: డెస్క్‌టాప్ ఆన్ చేయగానే బూట్ డివైస్ (విండోస్ ఉన్న డిస్క్) దొరకలేదన్న సందేశం వచ్చి ఆగిపోతోంది. రెండు మూడుసార్లు ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఒక్కోసారి విండోస్ వస్తోంది. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందా?

జవాబు: దయచేసి ఆ పని ఇప్పుడు చేయకండి. అప్పుడప్పుడూ మామూలుగానే తెరుచుకుంటోంది కాబట్టి నా అనుమానం విండోస్ మీద కాదు, డిస్క్ మీద, దాని కేబుళ్ల మీద. ఇన్‌స్టాల్ చేస్తూ పార్టిషన్‌ను ఫార్మాట్ చేశారంటే ఫైళ్లు పోతాయి, సమస్య మాత్రం ఎక్కడికీ పోదు. ఈసారి విండోస్ రాగానే ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

సందేశం మళ్లీ వచ్చినప్పుడు రీస్టార్ట్ చేసి, డిలీట్ లేదా ఎఫ్2 మీటతో బయాస్‌లోకి, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల్లోకి, వెళ్లండి (కొన్ని కంప్యూటర్లలో మీట వేరుగా ఉంటుంది). అక్కడ డిస్క్ మోడల్ పేరు కనిపిస్తే బూట్ వరుసలో (కంప్యూటర్ విండోస్ కోసం డిస్కులను వెతికే క్రమంలో) అది ముందుందో లేదో చూడండి. యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ ఉంటే తీసేయండి. తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోయి ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి, సెట్టింగులు చెరిగిపోయి ఉండవచ్చు.

పేరే లేకపోతే కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, క్యాబినెట్ తెరవండి. సాటా (డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే ఒక పద్ధతి) డిస్క్‌కు రెండు కేబుళ్లు ఉంటాయి: సన్నటిది డేటాకు, వెడల్పాటిది కరెంటుకు. రెండింటినీ తీసి గట్టిగా బిగించండి. అప్పటికీ కనిపించకపోతే డేటా కేబుల్ మార్చండి, మదర్‌బోర్డు మీద ఇంకో పోర్టుకు కలపండి. కొత్త డిస్క్ కొనేముందు ఈ చిన్న పరీక్ష తప్పకుండా చేయాలి.

డిస్క్ నుంచి టక్ టక్‌మని ఒకే లయలో చప్పుడు వస్తుంటే మాత్రం వెంటనే ఆపేయండి. లోపల డేటా చదివే భాగమైన హెడ్ దాన్ని చదవలేకపోతోందనడానికి అది గుర్తు. ఆన్ చేసిన ప్రతిసారీ డేటా ఉండే పళ్లేల మీద గీతలు పడే ప్రమాదం ఉంది. అందులో కాపీ చేయని ఫైళ్లు ఉంటే డేటా రికవరీ నిపుణులకు ఇవ్వడమే మేలు. డిస్క్‌లో తప్పులు సరిచేసే విండోస్ ప్రోగ్రామ్ చెక్‌డిస్క్ జోలికి అసలు వెళ్లవద్దు.

చప్పుడేమీ లేకుండా విండోస్ వస్తే, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ స్మార్ట్ వివరాలు (తన ఆరోగ్యం గురించి డిస్కే నమోదు చేసుకునే లెక్కలు) చూడండి. రీఅలొకేటెడ్ (పాడైతే బదులు వేరేవి వాడుతున్న), పెండింగ్ (సరిగా చదవలేక అనుమానంలో ఉన్న) సెక్టార్ల, అంటే డిస్క్‌లోని చిన్న భాగాల, లెక్క పెరుగుతుంటే డిస్క్ మార్చాల్సిందే. సీఆర్‌సీ ఎర్రర్ల (డిస్క్, మదర్‌బోర్డు మధ్య డేటా వెళ్తూ చెడిపోయిన సందర్భాల) లెక్క మాత్రమే పెరుగుతుంటే, చాలావరకు తప్పు కేబుల్‌ది. కేబుల్ మార్చినా ఆ అంకె తగ్గదు. పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి.