తాడు వేసే ముందు

టెక్కలి,
15-10-2018

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఫోన్లు కలవడం లేదు. అందుకే పాల వ్యాను అబ్బాయి చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. నీ సంగతి నిన్న అతనే చెప్పాడు. తిత్లీ తుపానుకి కంచెలు లేచిపోయి ఎవరివో పశువులు తోటల మీద పడుతున్నాయట. నువ్వు కుర్రాళ్ళని పోగేసి, రాత్రికి వాటన్నిటినీ పట్టి మన జీడితోటలో కట్టేస్తానన్నావట. హైదరాబాదు నుంచి వచ్చి ఏడాది తిరక్కుండానే ఊళ్ళో నలుగురు నీ మాట వింటున్నారంటే మీ అమ్మకంటే నాకే ఎక్కువ సంతోషం. కానీ రాత్రి నాకు కునుకు పట్టలేదురా. నీకు కోపం ఎక్కువ, పశువుల గురించి తెలిసింది తక్కువ.

ముందు ఆ రాత్రి మాట మానెయ్. తిత్లీ దెబ్బకి స్తంభాలు ఎలా పడ్డాయో నువ్వు చూస్తూనే ఉన్నావు. తీగలు కొబ్బరి మట్టల కింద, బురదలో కనపడకుండా ఉన్నాయి. ఇవాళ కరెంటు లేదు సరే, లైనువాళ్ళు ఏ క్షణాన వదులుతారో నీకెవడు చెబుతాడు? బెదిరిన పశువు దారి చూసుకోదు, దాని వెనక పరిగెత్తేవాడూ చూసుకోడు. ఏం చేసినా పొద్దున్నే, వెలుతురులో చెయ్యి. ఈ ఒక్క మాట వినకపోతే మిగతా ఉత్తరం చదవక్కర్లేదు.

మొక్కల సంగతి తేలిక. పేడ నీళ్ళలో కలిపి ఆకుల మీద చల్లు, పశువు మూతి పెట్టదు. వాన పడితే మళ్ళీ చల్లాలి. కూలిన చెట్ల మట్టలు ఊరంతా ఉన్నాయి, అవే అడ్డం కట్టుకోండి. ఆబోతు జోలికి మాత్రం వెళ్ళొద్దు. అది తుపానుకి ముందు మాత్రం ఎవరి మాట వింది గనక?

పశువుల్ని ఊరి మీద వదిలేశారని తిడుతున్నారట మీవాళ్ళు. వదలకపోతే ఏమయ్యేదో 1977 నవంబరు 19న దివిసీమ చూసింది. ఉప్పెన తగ్గాక డ్యూటీకి వెళ్ళిన మా పశువుల ఆసుపత్రి సీనియర్ కాంపౌండరు చెప్పేవాడు, కట్టుకొయ్యకి కట్టినవి కట్టినట్టే చచ్చిపడున్నాయని. గాలి మొదలవకముందే తాడు విప్పినవాడు తెలివైనవాడు. ఇప్పుడు వాడి పాక కూలిపోయి ఉంటుంది, పిల్లల తిండి చూసుకుంటూ ఉంటాడు. రేపో ఎల్లుండో వెతుక్కుంటూ వస్తాడు.

వచ్చేసరికి వాడి ఆవు బతికుండాలి. నా భయమంతా అక్కడే. మీ నాన్న నీకు ఈ సంగతి చెప్పి ఉండడు. 1999 అక్టోబరు తుపానుకి నువ్వు చంటివాడివి. అప్పుడూ ఇంతే, కంచె అన్నది లేదు. మీ నాన్న, ఆయన స్నేహితులు కలిసి దొరికిన పశువుల్నల్లా పట్టి తోటలో కూలిన కొబ్బరి మొద్దులకి కట్టారు. అందులో పక్కూరి ఆవు ఒకటి, నిండు చూడిది. బావది జాలిగుండె. డొక్కలు అంటుకుపోయి ఉన్నాయని, మనింట్లో తడిసి వాసన కొడుతున్న బియ్యం గమేళాలతో తెచ్చి అన్నిటి ముందూ పోశాడు. ఎలాగూ పారబొయ్యాల్సినవే కదా అనుకున్నాడు. ఆకలి మీదున్నవి, మొత్తం ఊడ్చేశాయి.

తెల్లారేసరికి నాకు కబురొచ్చింది. సైకిలు సగం దూరం భుజాన మోసుకుంటూ వెళ్ళాను. ఆ చూడి ఆవు ఎడమ డొక్క వెన్నెముక కంటే పైకి ఉబ్బి ఉంది. వేలితో తడితే డప్పులా మోగింది. నెమరు లేదు, పళ్ళు కొరుకుతోంది. వంటసోడా నీళ్ళలో కలిపి, తల మరీ పైకెత్తకుండా కొంచెం కొంచెంగా పట్టాం. ముందుకాళ్ళు మెరక మీద పెట్టించి నిలబెట్టాం. డాక్టరుగారి కోసం మనిషిని పంపితే రోడ్డుకి అడ్డంగా చెట్లు. మధ్యాహ్నానికి పోయింది. మిగతావి ఎలాగో గట్టెక్కాయి.

సాయంత్రం దాని యజమానురాలు వచ్చింది. మొగుడు లేని మనిషి, ఆ ఆవు పాల మీదే ఇల్లు నడిచేది. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. చచ్చిన ఆవు మెడలో తాడు విప్పుకుని వెళ్ళిపోయింది. మర్నాడు మీ నాన్న, మీ అమ్మకి నేను అరణంగా ఇచ్చిన ఆవుకి పుట్టిన పెయ్యని తోలుకెళ్ళి ఆవిడ వాకిట్లో కట్టేసి వచ్చాడు. మీ అమ్మతో మాట మాత్రం అనలేదు. ఆవిడకి ఇచ్చినందుకు కాదు గానీ, చెప్పకుండా ఇచ్చినందుకు మీ అమ్మ చాలాకాలం ముభావంగా ఉండేది. నేనూ బావ మీద అలిగాననుకో. ఇప్పుడు అనిపిస్తుంది, అంతకంటే ఏం చేస్తాడు పాపం.

కాబట్టి పట్టుకుంటే ఎండుగడ్డి, నీళ్ళు, అంతే. బియ్యం గింజ గానీ, సాయం లారీల వాళ్ళు పంచిన అన్నం మిగిలింది గానీ ముందు పెట్టొద్దు. పాలిచ్చేదైతే రెండు పూటలా పాలు పిండాలి, లేకపోతే పొదుగువాపు వస్తుంది. అసలు పొదుగు నిండి అరుస్తున్న ఆవుని కట్టెయ్యనే కట్టెయ్యకు. దాని దూడ ఎక్కడో ఉంది. వదిలేసి వెనకాలే నడువు, అదే ఇల్లు చూపిస్తుంది. చెవికి పసుపు ట్యాగు ఉంటే 12 అంకెల నంబరు రాసుకుని పశువుల డాక్టరుగారికి ఇవ్వు.

ఇంకోటి. పంట మేసిన పశువుని పట్టే హక్కు నీకుంది, ఇంట్లో ఉంచుకునే హక్కు లేదు. 1871 నాటి చట్టం, ఇప్పటికీ ఉంది. 24 గంటల్లో బందెలదొడ్డికి, అంటే పట్టిన పశువుల్ని ఉంచే ఊరి దొడ్డికి, తోలాలి. మీ ఊరి దొడ్డి గోడ కూలిపోయి ఉంటుంది, అందుకని పంచాయతీ కార్యదర్శికి, పోలీసులకి ముందే చెప్పి, ఎక్కడ ఉంచాలో వాళ్ళ చేతే చెప్పించు. ఏ రంగు, ఏ కొమ్ము, ఎక్కడ దొరికింది, ఒక పుస్తకంలో రాయించు. లేకపోతే రేపు దొంగతనం అంటారు.

వ్యానులో వంటసోడా, పలుపుతాళ్ళు, టార్చిలైటు బ్యాటరీలు పంపుతున్నాను. టార్చి ఇచ్చాను కదా అని రాత్రి తిరక్కు. తెచ్చిన అబ్బాయి పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, భోజనం పెట్టి పంపించు.

మీ మావయ్య